వాకిట్లో పాత కారు

"అదిగో, సైకిలు... ఎడంపక్క నుంచి ఆటో వస్తోంది... గేదె, గేదె!"

కారులో కూర్చున్నంతసేపూ ఆవిడ నోరు ఆగదు. "ఏవిటే నీ రన్నింగు కామెంటరీ? పాతికేళ్లుగా నడుపుతున్నాను, నాకు కళ్లు లేవా?" అని మాస్టారు విసుక్కుంటారు. ఆవిడ ఓ నిమిషం ఊరుకుంటుంది. మలుపు తిరగ్గానే మళ్లీ మొదలు... "స్పీడు బ్రేకరండీ!"

రాజమండ్రి దానవాయిపేటలో ఆ దంపతుల్నీ, వాళ్ల తెల్ల మారుతీనీ ఎరగనివాళ్లు తక్కువ. మాస్టారు ముప్పైమూడేళ్లు లెక్కలు చెప్పి 2007లో రిటైరయ్యారు. ఇప్పుడాయనకు 76. కారుకు పాతిక నిండబోతున్నాయి. మనిషి వయసూ కారు వయసూ పక్కపక్కన రాసుకుంటే ఎవరు ముసలివాళ్లో తేల్చడం కష్టం. రోడ్డు మీద కారుకు పాతికేళ్లంటే మనిషికి ఎనభై దాటినట్టే మరి!

గొడవంతా 2025 ఆగస్టు చివర్లో మొదలైంది. బీరువాలో ఏదో కాగితం కోసం వెతుకుతుంటే మాస్టారి చేతికి కారు ఆర్సీ తగిలింది. అక్టోబరుతో గడువు సరి. సొంత కారుకు రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్లు ఉంటుంది. ఆ తరవాత పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2000 అక్టోబరులో కొన్న బండి కనక 2015లో ఒకసారి, 2020లో ఒకసారి ఆ తంతు అయింది. 2020లో ఫీజు ఆరొందలు. 2022 ఏప్రిల్ నుంచి అది ఐదువేలైంది. 2025 ఆగస్టులో కేంద్రం ఇంకో మెట్టు ఎక్కించి, ఇరవయ్యేళ్లు దాటిన కార్లకు పదివేలు చేసింది.

"కారు కొన్నప్పుడు అన్నవరం తీసుకెళ్లి పూజ చేయించి, ఇంటిల్లిపాదికీ భోజనాలు పెట్టినా పదివేలు కాలేదు కదుటే!" అన్నారు మాస్టారు. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "అవలేదు సరే. ఇప్పుడేం చేద్దామంటారు?" అంది.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఆ ఇంటికి నెల పట్టింది.

*

ఆ కారు కథ కొంత చెప్పాలి. మారుతీ 800 మొదటి తాళం 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఓ కొనుగోలుదారుకి అందింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. మధ్యలో ముప్పై ఏళ్లపాటు, స్కూటరు మీద నలుగురూ ఇరుక్కుని వెళ్లే మధ్యతరగతి ఇంటికి 'మనమూ కారు కొనొచ్చు' అనే ధైర్యం ఇచ్చింది అదే. మాస్టారికి ఆ ధైర్యం రావడానికి యాభై ఒకటో ఏడు వచ్చింది. పీఎఫ్‌లో లోను పెట్టి, ఆవిడ చేతి గాజులు రెండు బ్యాంకులో పెట్టి, రెండు లక్షల చిల్లర పోగుచేసి కొన్నారు. ఏపీ 5 నంబరు. కార్బొరేటర్ మోడలు. ఏసీ లేదు. "గోదావరి గాలి ఉండగా ఏసీ ఎందుకూ?" అన్నారు అప్పట్లో. ఇరవయ్యైదు వేసవులు ఆ మాట వాళ్లకి అప్పగించి వెళ్లాయి.

2003 పుష్కరాలకు ఆ చిన్న బండి చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. చుట్టాల్ని స్టేషన్ నుంచి ఇంటికీ, ఇంటి నుంచి పోలీసులు పోనిచ్చినంత మేర రేవు వైపుకీ... నలుగురు ఎక్కాల్సిన చోట ఏడుగురు. మరుసటి ఏడు కూతురి పెళ్లిలో పెళ్లికూతుర్ని మండపానికి తీసుకెళ్లింది కూడా అదే. చామంతి దండలు కట్టిన ఆ కారు ఫొటో ఇప్పటికీ హాల్లో గోడ మీద ఉంది.

అన్నిటికంటే ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేనిది 2002లో ఓ రాత్రి. పన్నెండున్నరప్పుడు ఆవిడకి గుండెల్లో బరువుగా ఉందని లేచి కూర్చుంది. ఒళ్లంతా చెమటలు. అప్పటికి 108 అంబులెన్సులు ఇంకా లేవు, అవి మొదలయ్యింది 2005లో. మాస్టారు లుంగీ మీదే కారు తీశారు. కొడుకు వెనకసీట్లో తల్లి తల ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. కాకినాడ దాకా ఎలా నడిపారో ఆయనకే తెలియదు. "ఇంకో గంట ఆలస్యమై ఉంటే..." అని డాక్టరుగారు వాక్యం పూర్తి చెయ్యలేదు. తెల్లవారాక మాస్టారు ఆసుపత్రి ఆవరణలోకి వచ్చి కారు బానెట్ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డారట. ఆ సంగతి కొడుకు చాలా ఏళ్లకి చెప్పాడు.

అలాంటి బండిని 'తీసెయ్యాలా, ఉంచాలా' అని అడిగితే జవాబు ఎలా వస్తుంది?

*

ప్రతి ఆదివారం ఉదయం హైదరాబాద్ నుంచి కొడుకు ఫోను. "నాన్నా, ఆ డబ్బా ఇంకెన్నాళ్లు? అమ్మెయ్యండి. గేర్లు మార్చే పని లేని కారు నేను కొనిస్తాను."

ఆదివారం రాత్రి డాలస్ నుంచి కూతురి ఫోను. "నాన్నా, అమ్మకండి. అది నా పెళ్లి కారు. కావాలంటే రిపేరు డబ్బులు నేను పంపిస్తా."

మాస్టారు ఇద్దరికీ 'సరే' అనేవారు. లెక్కల మాస్టారు కనక, చివరికి ఓ పాత నోటుపుస్తకం తీసి మూడు గళ్లు గీశారు. బాగు చేయించడం. అమ్మడం. దానం చెయ్యడం.

మొదటి గడి నింపడానికి మెకానిక్‌ని పిలిచారు. అతను మాస్టారి దగ్గరే చదువుకున్నాడు, చదువుకున్నాడంటే పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాడు. మోరంపూడి వైపు సొంత షెడ్డు. పాతికేళ్లుగా ఆ కారు నాడి పట్టుకున్నది అతనే. బానెట్ ఎత్తి చూశాడు. కింద గోనె పరిచి వెల్లకిలా పడుకుని స్క్రూడ్రైవరుతో అడుగు రేకు తట్టాడు. టంగుమని మోగాల్సిన చోట స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది.

"ఇంజినుకేం ఢోకా లేదు మాస్టారూ. అడుగే తుప్పు పట్టేసింది. వానాకాలంలో మేడమ్‌గారి కాళ్ల దగ్గర తడి వస్తోందా?"

"ఏడాది నుంచీ గోనె వేసుక్కూర్చుంటున్నాను నాయనా" అంది ఆవిడ. మాస్టారికి అది కొత్త సంగతి.

అతను చెబుతుంటే మాస్టారు రాసుకున్నారు. క్లచ్ సెట్టు 4,500. బ్రేకుల పని 5,500. సస్పెన్షన్ బుష్‌లూ అవీ 6,000. అడుగు రేకు కోసి కొత్తది అతికి, రంగు వెయ్యడానికి 16,000. టైర్లు నాలుగు 10,000. బ్యాటరీ 4,000. కార్బొరేటర్ సర్వీసూ, పెట్రోలు గొట్టాలూ 5,000.

"గొట్టాలు బాగానే ఉన్నాయిగా?"

"ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది మాస్టారూ. ఈ కారు పుట్టినప్పుడు ఆ లెక్క లేదు. పాత రబ్బరు దానికి తట్టుకోదు, పగుళ్లిస్తుంది. పెట్రోలు కారితే ప్రమాదం. మిగతావి వాయిదా వేసినా ఇది, బ్రేకులు వాయిదా వెయ్యకూడదు."

మొత్తం 51 వేలు. దానికి రిజిస్ట్రేషను పదివేలు, పొల్యూషన్ సర్టిఫికెట్టూ చిల్లర ఖర్చులూ ఓ వెయ్యి. వెరసి 62 వేలు.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఓ మాటన్నాడు. "నాకొచ్చే బేరం నేనే చెడగొట్టుకుంటున్నానుగానీ... కారు ధర ఎంతో చూసి రిపేరు చేయించాలా వద్దా అనుకోకండి. ఏడాదికి ఎంత తిరుగుతున్నారో చూసుకోండి."

ఆ రాత్రి మాస్టారు లెక్కకి కూర్చున్నారు. ఏడాదిలో మీటరు తిరిగింది 900 కిలోమీటర్లు. రైతుబజారు, గుడి, ఆసుపత్రి, ఎప్పుడైనా ధవళేశ్వరం. 62 వేలు ఐదేళ్లకి పంచితే ఏడాదికి 12,400. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు రెండున్నర వేలు. లీటరుకి పదిహేను కిలోమీటర్ల చొప్పున అరవై లీటర్ల పెట్రోలు, లీటరు 110 అనుకుంటే 6,600. పైపై మరమ్మతులకు నాలుగువేలు. మొత్తం 25,500. తొమ్మిదొందలతో భాగిస్తే కిలోమీటరుకి 28 రూపాయల పైమాటే. ఆటోకి కాదు, టాక్సీకి ఇచ్చే డబ్బు!

"చూశావుటే, మన కారులో మనం టాక్సీ ధర ఇచ్చి తిరుగుతున్నాం" అన్నారు నవ్వుతూ.

"బానే ఉంది. అర్ధరాత్రి నాకు మళ్లీ గుండెల్లో బరువొస్తే ఆ లెక్క ఏ గట్లో వేశారు?" అంది ఆవిడ.

మాస్టారు పెన్ను మూసేశారు.

*

రెండో గడి... అమ్మకం. కొడుకు ఫోన్లో ఏదో యాప్‌లో వివరాలు నింపాడు. సంవత్సరం 2000 అని కొట్టగానే 'ఈ మోడల్ తీసుకోవడం లేదు' అంది యాప్. పాత కార్ల బ్రోకరు వచ్చి చుట్టూ తిరిగి, తలుపు తీసి మూసి, 35 వేలన్నాడు. "ఇవాళే తీసుకెళ్తాను మాస్టారూ. మీరు 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి ఖాళీగా ఇచ్చెయ్యండి. పార్టీ దొరికాక మేం నింపుకుంటాం."

ఆ ఖాళీ సంతకాల దగ్గర మాస్టారు ఆగిపోయారు. ఆయన స్నేహితుడొకాయన 2009లో అలాగే సంతకాలు పెట్టి స్కూటరు అమ్మేశాడు. నాలుగేళ్ల తరవాత కోర్టు నుంచి సమను వచ్చింది. ఎక్కడో ఎవరో ఆ స్కూటరుతో మనిషిని గుద్దారు. ఆర్సీలో పేరు మాత్రం ఈయనదే! 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. బండి ఎన్ని చేతులు మారినా, రవాణా కార్యాలయం రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని. పరిహారం బాధ్యతా వాళ్లదే. అందుకే అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లోగా ఆ సంగతి రవాణా కార్యాలయానికి తెలియజెయ్యాలి, కొన్నవాళ్ల పేరు ఎక్కిందో లేదో చూసుకోవాలి. డబ్బు చేతిలో పడింది కదా అని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

"కొనేవాడి పేరు మీద ఎక్కించాకే తాళం ఇస్తాను" అన్నారు మాస్టారు. "అయితే పాతిక వేలే" అన్నాడు బ్రోకరు.

రెండ్రోజుల తరవాత ఓ కుర్రాడు వాళ్ల నాన్నతో వచ్చాడు. కుర్రాడు కారు చూసి ముచ్చటపడ్డాడుగానీ ఆ తండ్రి, "డ్రైవింగు నేర్చుకోడానికండీ. కొత్తదైతే ఎక్కడ గుద్దేస్తాడోనని భయం. ఇదైతే పోయినా ఫర్వాలేదు" అన్నాడు. తప్పుడు మాటేం కాదు. కానీ మాస్టారికి ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

తుక్కుకి ఇవ్వడం ఇంకో దారి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి బండి అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. అది చూపించి కొత్త కారు కొంటే రోడ్డు పన్నులో రాయితీ ఉంటుంది, సొంత కార్లకు ఇరవయ్యైదు శాతం దాకా ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది. కొడుక్కి ఈ మాట నచ్చింది. కానీ ఆరున్నర క్వింటాళ్ల కారుకి ఇనుప లెక్కన ధర కట్టడం విని ఆవిడ చెవులు మూసుకుంది. "ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. మన ఏనుగు బతికుండగానే కిలోల్లెక్క అయిపోయిందా!"

*

ఇక మిగిలింది దానం. అమెరికాలో అది తేలికేనట. "ఫోను చేస్తే చాలు నాన్నా, వాళ్లే బండి తెచ్చుకుని లాక్కెళ్లిపోతారు. వేలం వేసి ఆ డబ్బు సేవా పనులకు వాడుకుంటారు. ఇక్కడ రేడియోలకి కూడా ఇస్తారు, పన్నులో మినహాయింపు కూడా వస్తుంది" అని కూతురు చెప్పింది. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు. విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ కూడా డబ్బు రూపంలో ఇచ్చినదానికేగానీ వస్తువులకు వర్తించదు. మాస్టారికి మినహాయింపుతో పని లేదనుకోండి.

ఊరి చివర ఓ వృద్ధాశ్రమం ఉంది. పెద్దవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి పనికొస్తుంది కదా అని మాస్టారు స్వయంగా వెళ్లి అడిగారు. అక్కడి నిర్వాహకుడు కాఫీ ఇప్పించి, కాసేపు తటపటాయించి, "మాస్టారూ, మీరు ఏమీ అనుకోనంటే ఓ మాట... డ్రైవరుకి జీతం ఎవరివ్వాలి? ఇన్సూరెన్సు ఎవరు కట్టాలి? మధ్యలో ఆగిపోతే, లోపల ఎనభై ఏళ్ల మనిషుంటే నేనేం చెయ్యను? ఇదే డబ్బు ఆటోలకి పెడితే మాకు ఏడాది గడుస్తుంది" అన్నాడు.

దానమిచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. కానీ ఆ నిర్వాహకుడు లెక్కపెట్టడమే న్యాయమనిపించింది మాస్టారికి. తిరిగి వస్తూ ఆయనకి కఠోపనిషత్తులో నచికేతుడు గుర్తొచ్చాడు. పాలివ్వడం ఆపేసిన, గడ్డి కూడా నమలలేని ఆవుల్ని తండ్రి దానం చేస్తుంటే ఆ పిల్లాడు 'ఇదేం దానం?' అని కలవరపడ్డాడు కదా. మనకి బరువైనదాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి పుణ్యం అనుకుంటే ఎలా? అదే బరువు, రంగు మారిందంతే.

అలా మూడు గళ్లూ నిండాయిగానీ, జవాబు మాత్రం రాలేదు.

*

జవాబు వేరే చోటి నుంచి వచ్చింది.

సెప్టెంబరు మొదటి వారం. ధవళేశ్వరం నుంచి తిరిగొస్తున్నారు. అప్పుడే దీపాలు పెట్టే వేళ. ఎదర లారీ లైట్లు కళ్లలో పడ్డాయి. ఆవిడ యథాప్రకారం ఏదో చెబుతోంది, మాస్టారు యథాప్రకారం వినడం లేదు. ఉన్నట్టుండి ఆవిడ "ఆపండి!" అని అరిచింది. ఆ గొంతు ఆయన ఎన్నడూ వినలేదు. బ్రేకు తొక్కారు. మెత్తబడ్డ బ్రేకు నేల దాకా వెళ్లి, అప్పుడు పట్టింది.

బంపరుకి మూరెడు దూరంలో ఓ పదేళ్ల పిల్లాడు. నల్ల చొక్కా. పంక్చరైన సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. వాడు కారు వైపు ఓసారి చూసి, ఏమీ జరగనట్టు సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు.

మాస్టారికి వాడు కనపడలేదు. ఆలస్యంగా కనపడ్డం కాదు, అసలు కనపడలేదు.

కారు పక్కకి తీసి ఆపారు. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. స్టీరింగు మీద ఆయన చేతులు వణుకుతున్నాయి. చాలాసేపటికి, "నువ్వెప్పటి నుంచి ఇలా చెబుతున్నావు?" అని అడిగారు.

"ఏడాదిన్నర అయిందండీ. ఓసారి దేవీచౌక్ దగ్గర ఎడంపక్క ఆటో మీకు కనపడలేదు. అప్పుడు నాకర్థమైంది. చెబితే మీరు బాధపడతారని... నేనే చూసి చెబుతుంటే సరిపోతుంది కదా అనుకున్నాను."

పాతికేళ్ల కాపురంలో, కాదు, యాభై ఏళ్ల కాపురంలో మాస్టారు అంతగా సిగ్గుపడ్డ రోజు లేదు. ఆయన కామెంటరీ అని విసుక్కున్నది కామెంటరీ కాదు. ఆవిడ తన కళ్లు ఆయనకి అరువిస్తోంది. అరువిస్తూ, తడి గోనె మీద కాళ్లు పెట్టుకుని పక్కనే కూర్చుంటోంది.

మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్లారు. శుక్లాలు ఎప్పుడో తీయించుకున్నారు, అందుకే చూపు బాగానే ఉందనుకున్నారు. కానీ గ్లకోమా చడీచప్పుడూ లేకుండా పక్కచూపుని మింగేస్తోంది. ఎదురుగా ఉన్న అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తాయి కనక మనిషికి అనుమానం రాదు. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు వాడితే మిగిలింది నిలుస్తుంది అన్నారు డాక్టరుగారు. "అరవై దాటిన ప్రతివాళ్లూ కంటి ఒత్తిడి చూపించుకుంటూ ఉండాలి మాస్టారూ. ఇకమీదట డ్రైవింగు మాత్రం వద్దు."

ఇన్నాళ్లూ కారు గురించి తెగ ఆలోచించారు అందరూ. క్లచ్, బ్రేకు, తుప్పు, ధర, పన్ను... అసలు ప్రశ్న కారుది కాదు, దాన్ని నడిపే మనిషిది. ఆ ప్రశ్న కొడుకు అడగలేదు, కూతురు అడగలేదు. 'కొత్త కారు కొనిస్తాను' అన్న కొడుకు ప్రేమా, 'రిపేరు డబ్బు నేనిస్తాను' అన్న కూతురి ప్రేమా కూడా నిజమే. కానీ రెండూ నాన్న చేతికి స్టీరింగునే ఇచ్చాయి. మన ఇళ్లలో నాన్నతో 'ఇక మీరు బండి నడపకండి' అనడం ఎంత కష్టమో అన్నవాళ్లకే తెలుసు. ఆ మాట మాస్టారే ఫోను చేసి పిల్లలిద్దరికీ చెప్పారు. కొడుకు కాసేపు మాట్లాడలేదు. తరవాత "థాంక్స్ నాన్నా" అన్నాడు. ఎందుకన్నాడో ఇద్దరికీ తెలుసు.

*

నోటుపుస్తకం మళ్లీ తెరిచారు. ఈసారి లెక్క తేలికైంది.

ఏడాదికి కారు తినే 25,500ని ఓ పక్కన పెట్టారు. పాత హార్లిక్స్ సీసాకి కాగితం అంటించి 'కారు డబ్బు' అని రాసి, నెలనెలా పెన్షన్ రాగానే రెండువేల పైచిలుకు అందులో వెయ్యడం మొదలెట్టారు. ఆటోకైనా టాక్సీకైనా అందులోంచే. 'ఆటోకి వంద ఎందుకండీ, రేపు వెళ్దాం' అని ఆవిడ ఆసుపత్రి పని వాయిదా వెయ్యకూడదన్నది షరతు. వీధి చివర ఆటో అబ్బాయి నంబరు, 108, పక్కింటి వాళ్ల నంబరు పెద్ద అంకెలతో రాసి ఫోను పక్కన గోడకి అతికించారు. అర్ధరాత్రి గుండె బరువుకి 2002లో కారు ఒక్కటే దిక్కు. ఇప్పుడు వేరే దిక్కులున్నాయి. చీకట్లో కనపడని కళ్లతో కాకినాడ దాకా నడపడం కంటే అవే భద్రం.

మరి కారు? దారి చూపింది మెకానికే. "మన ఐటీఐలో మోటార్ మెకానిక్ పిల్లలున్నారు మాస్టారూ. రెండేళ్ల కోర్సు. విప్పి మళ్లీ బిగించడానికి బండి కావాలని అక్కడి సారు నన్నడుగుతుంటారు. కొత్త కార్లలో అంతా సెన్సర్లే, విప్పనివ్వరు. దీంట్లో అయితే క్లచ్ ఎలా పట్టుకుంటుందో, గేర్లు ఎలా కలుస్తాయో కంటితో చూడొచ్చు."

మాస్టారు నచికేతుడిని తలుచుకుని, ముందు వెళ్లి అడిగారు. "మీకు నిజంగా పనికొస్తుందా? మొహమాటానికి తీసుకోవద్దు." ఐటీఐ సారు పిల్లల్ని చూపించారు. పన్నెండు మంది ఒకే ఇంజిను చుట్టూ మూగి ఉన్నారు, వెనకవాళ్లకి ముందువాళ్ల వీపులే కనిపిస్తున్నాయి. ఇక ప్రశ్న అక్కర్లేకపోయింది. వాళ్లకి కారు రోడ్డెక్కనక్కర్లేదు. తుప్పు పట్టిన అడుగు, అరిగిన క్లచ్... అమ్మకానికి లోపాలైనవన్నీ అక్కడ పాఠాలు.

కాగితాల సంగతి మాస్టారు వదల్లేదు. తీసుకున్నట్టు ఐటీఐ నుంచి ఉత్తరం రాయించుకున్నారు. ఇక రోడ్డు మీద తిరగదు కనక రిజిస్ట్రేషను రద్దు చెయ్యమని రవాణా కార్యాలయానికి దరఖాస్తు సిద్ధం చేశారు. అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీసి పెట్టుకున్నారు.

రిజిస్ట్రేషను గడువు ఇంకా ఉండగానే, సెప్టెంబరు ఆఖరి ఆదివారం పోయాక సోమవారం పొద్దున్న కారు తీశారు. ఆవిడ ముందురోజే అద్దాలు తుడిచి, డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ జాగ్రత్తగా ఊడదీసి పూజగదిలో పెట్టింది. కూతురు వీడియో కాల్లో డాలస్ నుంచి చూసింది. ఏడవలేదుగానీ, "నాన్నా, హారన్ ఓసారి కొట్టండి" అంది. కొట్టారు.

మెకానిక్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. మాస్టారు, ఆవిడ వెనకసీట్లో. పాతికేళ్లలో ఆ ఇద్దరూ కలిసి వెనక కూర్చోవడం అదే మొదటిసారి. చోకు లాగి తాళం తిప్పితే ఇంజిను రెండు దగ్గులు దగ్గి అందుకుంది.

దానవాయిపేట దాటారు. 2027 పుష్కరాలకి ఈ కారులో రేవుకి వెళ్లాలని ఆవిడ అనుకునేది. ఆ సంగతే తలుచుకుందో ఏమో, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "పుష్కరాలకి ఆటోలో వెళ్దాంలే. అయినా ఆ జనంలో కారు ఎక్కడ పెడతాం?" అన్నారు మాస్టారు. ఆవిడ నవ్వింది. దేవీచౌక్ దగ్గరికి వచ్చేసరికి అలవాటు చొప్పున నోట్లోంచి వచ్చేసింది.

"అదిగో, సైకిలు..."

"చూశానమ్మా" అన్నాడు మెకానిక్.

ఐటీఐ గేటు దగ్గర పిల్లలు ఎదురుచూస్తున్నారు. కారు ఆగిందో లేదో బానెట్ తెరుచుకుంది. ఓ పిల్లాడు డ్యాష్‌బోర్డు కింద నల్ల పిడి పట్టుకుని, "ఇదేంటి సార్?" అని అడిగాడు. వాడు పుట్టేనాటికే చోకున్న కార్లు రావడం మానేశాయి మరి.

ఇంటికి వెళ్లడానికి ఆటో పిలిచి వచ్చింది ఆవిడ. వచ్చి చూస్తే మాస్టారు బానెట్ పక్కన నిలబడి, చలికాలం పొద్దున్న ఇంజినుకి గాలి తక్కువా పెట్రోలు ఎక్కువా ఎందుకు కావాలో చెబుతున్నారు. చుట్టూ పన్నెండు మంది. పద్దెనిమిదేళ్ల కింద రిటైరైన మనిషి!

ఆటో అబ్బాయి హారన్ కొట్టబోతే ఆవిడ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. "కాస్త ఆగు నాయనా. వెయిటింగు డబ్బులు సీసాలో ఉన్నాయిలే" అంది.